అచ్చిరాని తీగ

పొట్లతీగ ఆకును ఎప్పుడైనా నలిపి చూశారా? మంచి వాసన అని నేననను. ఘాటైన పచ్చి వాసన, లోపలెక్కడో చేదు తగులుతుంది, ఒకసారి వేళ్లకు అంటిందంటే సబ్బుతో రుద్దినా మధ్యాహ్నం అన్నం కలుపుకొనే వేళకు కూడా వదలదు. మొన్న సిద్దిపేట మార్కెట్లో కొత్తిమీర కట్ట కోసం వంగినప్పుడు, చంద్లాపూర్ వైపు నుంచి వచ్చి తడిగోనె మీద కూరగాయలు పరుచుకున్న ఒకామె గంపలోని పొట్లకాయలు నా చేతికి తగిలాయి. తొడిమల దగ్గర ఇంకా ఆకులున్నాయి. చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి పోయింది. నలభై మూడేళ్ల మనిషిని, ఇంటర్ చదివే కూతురున్నదాన్ని, నడిబజారులో కళ్లనీళ్లు పెట్టుకొని నిలబడ్డాను.

"ఏందక్కా, కండ్లల్ల ఏమన్న పడ్డదా?" అంది ఆమె.

"ఏం లేదు తల్లీ, ఒక కాయియ్యి" అన్నాను. నా బతుకులో పొట్లకాయ కొనడం అదే మొదలు. మా ఇంట్లో అది నాటకూడదు, వండకూడదు, పేరు కూడా తీయకూడదు. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి, దానికన్నా ముందు మా పెరడు గురించి చెప్పాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. పాపం, ఆయనకేం తెలుసు? ఈ ఒక్క గింజ ముప్పై మూడేళ్లు నానింది.

మాది తొగుట దిక్కు ఒక ఊరు. ఇంటి వెనక, స్నానాల బండ దగ్గర మొదలై ముళ్లకంచె దాకా పోయే జాగా మా పెరడు. ఒళ్లు కడుక్కున్న నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు అన్నీ ఒక చిన్న కాలువలో పడి, ముందు కనకాంబరాల దగ్గర కాసేపు ఆగి, తర్వాత పుంటికూర మడి తడిపి, టమాట చెట్ల మొదళ్లు చుట్టుకొని, చివరికి కంచె పక్కన ఆముదం చెట్ల కింద ఇంకిపోయేవి. ఇంటి పెంకుల మీదికి ఆనిగెపు తీగ, అంటే సొరతీగ, పాకేది, గడ్డివాము మీదికి గుమ్మడి ఎక్కేది, మా నాన్న, అంటే బాపు, తాటికమ్మలు అడ్డం వేసి కట్టిన పందిరిని బీర, చిక్కుడు పోటీపడి అల్లుకునేవి. కంచె పొడుగునా బంతి, మధ్య మధ్య సీతజడ పూలు, బతుకమ్మ పండుగ దగ్గరపడేకొద్దీ పెరట్లోకి అడుగు పెడితే చాలు బంతి ఆకు వాసన బట్టలకు పట్టేది. బచ్చలి పండ్లు పిండి కాళ్లకు ఎర్రగా పూసుకొని పెళ్లికూతురి ఆట ఆడుకునేవాళ్లం, ఆ ఎరుపు బండల మీద కూడా పూసినందుకు తిట్లు తినేవాళ్లం. బాపు కల్లుగీసేవాడు. పొద్దున చెట్ల మీది నుంచి దిగి ఇంటికొచ్చి, నడుముకు చుట్టి చెట్టెక్కే తాడు, మోకు అంటాం, దాన్ని దండెం మీద వేసి, ఒంటి నిండా కల్లు పులుపు వాసనతో పందిరి కింద కూర్చొని, లేత బీరపిందె తెంపుకొని ఉప్పు అద్దుకొని నమిలేవాడు.

విత్తనం కొనడమనే మాటే లేదు. ముదిరిన ఆనిగెపు కాయ గింజలను నాయినమ్మ పేడలో అద్ది పిడకలా గోడకు కొట్టేది. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేది. బీరకాయను ఎండబెట్టి చూరుకు వేలాడదీసేది, గాలికి అది గలగలలాడుతుంటే మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా ఎన్నాళ్లుందో అని లెక్కబెట్టుకునేవాళ్లం.

మా ఊళ్లో ఒక్కో ఇంటికి ఒక్కో మొక్క అచ్చిరాదు. అంటే అది పెడితే ఆ ఇంటికి కీడు. పక్కింటి లచ్చవ్వ వాళ్లకు దొండ అచ్చిరాదు, మూలమీది ఇంటివాళ్లకు గుమ్మడి, ఇంకొకరికి చేన్లో నువ్వులు. ఎవరికేది అచ్చిరాదో పిల్లలమైన మాకు కూడా ఎక్కాల్లా నోటికొచ్చు. లచ్చవ్వ మా ఇంటి దొండకాయలు దర్జాగా తెంపుకొనిపోయి తన ఇంట్లో వండుకునేది, నాటడం వరకే వాళ్లకు పట్టింపు. మా నాయినమ్మ పట్టింపు మాత్రం గట్టిది. ఆమె కోడలిగా వచ్చిన ఏడాది ఇంట్లో పొట్లతీగ పెట్టారట, ఆ తీగ కిందే ఆమె మరిదికి పాము ముట్టిందట. అప్పటినుంచి పొట్లకాయ మా గడప దాటలేదు. పండుగకు చుట్టంగా పోయిన చోట ఎవరైనా ఆ కూర వడ్డించినా నాయినమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేది.

ఇక అమ్మ. అమ్మ దౌల్తాబాద్ దగ్గరి పిల్ల. పొట్టిగా, నల్లగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఆమెకు ఊళ్లో ఒక్కటే పేరు, చెయ్యి మంచిదని. అమ్మ వేసిన గింజ మొలవకుండా ఉండదు, అమ్మ నాటిన తీగ కాయకుండా ఉండదు. మిరుగం కార్తె వచ్చి మొదటి వాన పడ్డ మరునాడు, అమ్మ తలంటుకొని ఉతికిన చీర కట్టుకొని, ముందు మా పెరట్లో గింజ వేసి వాకిట్లోకి వచ్చేసరికి, లచ్చవ్వ వచ్చి నిలబడేది. "ఓ చెల్లె, జర మా ఇంట్ల గింజ వేసి పోరాదే" అని. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. వాడకట్టంతా తిరిగి అమ్మ ఒక్కో ఇంట్లో మొదటి గింజ వేసేది, మిగతావి ఆ ఇంటివాళ్లు వేసుకునేవాళ్లు. నేను కొంగు పట్టుకొని వెంట తిరిగేదాన్ని. మట్టి తవ్వి, మూడు గింజలు వేసి, అరచేత్తో మెల్లగా అదిమి, ఒక క్షణం చెయ్యి అట్లాగే ఉంచేది. అత్తగారింట్లో గట్టిగా మాట్లాడి ఎరగని అమ్మకు ఆ ఒక్క రోజు రాజ్యం. ఆమె నడక కూడా వేరేగా ఉండేది.

నాకు పదేళ్లప్పుడు, మా బడిలో సుగుణ అనే పిల్ల వాళ్లింటికి తీసుకుపోయింది. వాళ్ల పందిరి కింద నాకంటే పొడుగు పొట్లకాయలు వేలాడుతున్నాయి, ఒక్కోదాని కొసకు ఒక్కో రాయి కట్టి ఉంది, వంకర పోకుండా తిన్నగా సాగడానికట. ఆ రాళ్లు గాలికి ఊగుతుంటే చూసి నాకు పిచ్చెత్తింది. నాకూ ఒక కాయకు రాయి కట్టాలని ఒకటే ఆశ. సుగుణ నాలుగు గింజలిచ్చింది, కంపాస్ డబ్బాలో దాచుకొని తెచ్చాను. అచ్చిరాదని తెలియక చేశానని చెప్పను. తెలుసు. పెద్దవాళ్లు వద్దన్నదాంట్లో ఏముందో చూడాలన్న పెడసరం నాకు పుట్టుకతో వచ్చింది, ఇప్పటికీ పోలేదు. మిరుగం దాటిన నాలుగో రోజు, కంచె పక్కన ఆముదం చెట్ల చాటున, ఎవరూ లేనప్పుడు గింజలు వేశాను. అమ్మ చేసినట్టే అరచేత్తో అదిమాను.

రెండు మొలిచాయి. ఒకటి కోడి పొడిచింది, ఒకటి బతికింది. నాయినమ్మ కళ్లకు పొర కమ్మింది కాబట్టి ఆ మూలకు వచ్చినా ఆమెకు అది మరో బీరతీగ. ఒక పొద్దున చూద్దును కదా, నా మొక్క చుట్టూ మట్టి గుల్ల చేసి ఉంది, మొదట్లో పొయ్యి బూడిద చల్లి ఉంది. అమ్మ చూసింది! తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఏమీ అనలేదు. రోజూ పొద్దున బూడిద పడేది, కాలువ నీళ్లు అటు మళ్లేవి. తీగ ఆముదం చెట్టెక్కింది, అంచులకు దారాలు వేలాడే తెల్లపూలు సాయంత్రాలు విచ్చుకున్నాయి, తర్వాత పిందెలు దిగాయి. గుడ్డపేలికతో మొదటి కాయకు రాయి కడుతుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "గంత పెద్దరాయి కట్టకు, తెగుతది." ఆ తీగ గురించి మా ఇద్దరి మధ్య నడిచిన మాట అదొక్కటే.

శ్రావణంలో నాయినమ్మ తన తమ్ముడి ఊరికి బోనాలకు పోయింది. ఆ సాయంత్రం అమ్మ పెద్దకాయను కోసి, చక్రాలుగా తరిగి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి, పాలు పోసి వండింది. మూకుడు ముందు కూర్చొని మూత తీసి వాసన చూస్తున్న అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పెళ్లయినప్పటి నుంచి తినలేదని ఆ రోజే చెప్పింది. తల్లిగారింట్లో దాని కోసం అన్నదమ్ములతో కొట్లాడేదట. బాపుకు బీరకాయ అని చెప్పి పెట్టింది. ఆయన రెండుసార్లు వేసుకొని, "బీరకాయ గింత కమ్మగ ఎట్లయిందే!" అన్నాడు. అమ్మా నేనూ ముఖాలు చూసుకొని నవ్వు ఆపుకోలేక చచ్చాం. అంత నవ్వు ఆ ఇంట్లో మళ్లీ వినలేదు.

మరునాడు పొద్దున బాపు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు.

రాత్రంతా ముసురు పడి చెట్టు నానింది. మోకు పాతది, మార్చాలి మార్చాలి అంటూనే నెల్లాళ్లుగా నెట్టుకొస్తున్నాడు. సగం దిగాక తెగింది. నలుగురు మనుషులు మంచం మీద మోసుకొచ్చారు, అటునుంచి అటే జీపులో సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయారు. తుంటి ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదని మధ్యాహ్నానికి కబురొచ్చింది. అప్పటికే నాయినమ్మ ఏడుస్తూ తిరిగి వచ్చింది, వాకిలి నిండా ఆడవాళ్లు. దవాఖాన నుంచి రాగానే వాపుకు కాపడం పెట్టడానికి పనికొస్తాయని లచ్చవ్వ ఆముదపాకులు తెంపడానికి పెరట్లోకి పోయింది. పోయి కేక పెట్టింది.

"ఓ అత్తా! గిదేందే! మీ ఇంట్ల పొట్లకాయ!"

అందరూ పెరట్లోకి వచ్చారు. ఆముదం కొమ్మ నుంచి మిగిలిన రెండు కాయలు వేలాడుతున్నాయి, ఒకదానికి నేను కట్టిన రాయి ఇంకా ఊగుతోంది. నాయినమ్మ దగ్గరికి పోయి చేత్తో తడిమి చూసింది. "ఎవరు పెట్టిన్రే దీన్ని?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను స్నానాల బండ అంచున నిలబడి ఉన్నాను. తేలు కుట్టిన దొంగ ఎట్లా ఉంటాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మ నా దిక్కు చూడను కూడా చూడలేదు.

"నేనే పెట్టిన అత్తా" అంది.

నాయినమ్మ కొడవలి తెచ్చి తీగను మొదలుకంటా నరికింది. ఆ వాసన అప్పుడు పెరడంతా నిండింది. కొడవలి కింద పారేసి, "ఇగ నీ చెయ్యి ఈ మట్టిని ముట్టొద్దు. నా కొడుకును తిన్నంత పని చేసినవ్" అంది. అమ్మ ఆ తీగ ముక్కలన్నీ ఏరి, గంపకెత్తి, పెంటకుప్ప మీద పోసి వచ్చింది.

బాపు మూడు నెలలకు కర్ర పట్టుకొని లేచాడు. మళ్లీ చెట్టెక్కలేదు, ముందు గదిలో బీడీలు, సబ్బులు, బిస్కెట్లు పెట్టుకొని అమ్మేవాడు. ఆయన మాత్రం ఎప్పుడూ అమ్మను ఒక్క మాట అనలేదు. "మోకు నానింది, తెగింది. తీగ ఏం జేసె? తప్పు నాది" అనేవాడు. కాకి వాలిందని తాటిపండు పడుతుందా అని వాదించేవాడు. వినేదెవరు? కాలు ఊడ్చుకుంటూ నడిచే మనిషి చెప్తే ఆ మాటను జాలి అనుకున్నారు గాని నిజం అనుకోలేదు.

మరుసటి ఏడు మిరుగం వచ్చింది. మొదటి వాన పడ్డ మరునాడు అమ్మ తలంటుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, వాకిట్లో చాట పట్టుకొని కూర్చుంది. చాటలో బియ్యం ఉన్నాయి, రాళ్లు ఏరుతున్నట్టు ఉంది గాని చూపంతా దర్వాజా మీదే. పక్కింట్లో గడ్డపార చప్పుడు వినబడింది, లచ్చవ్వ తానే గుంత తవ్వుకుంటోంది. ఆ వెనకింట్లో కూడా. ఒక్కరూ రాలేదు. పొద్దెక్కేదాకా అమ్మ ఆ బియ్యాన్నే తిరగేసి తిరగేసి చూసి, తర్వాత లేచి పొయ్యి ముట్టించింది. అప్పుడు నేను చెప్పి ఉండాల్సింది. గడప దాకా వచ్చాను, నోరు తెరిచాను, మళ్లీ మూశాను.

ఇంకా సిగ్గుచేటు ముందుంది. ఆ మధ్యాహ్నం నాయినమ్మ నన్ను పిలిచి, పేడపిడక పగలగొట్టి, ఆనిగెపు గింజలు నా అరచేతిలో పోసింది. "చిన్నపిల్ల చెయ్యి, పాపం లేని చెయ్యి. నువ్వెయ్యి బిడ్డా" అంది. వేశాను. మొలిచాయి, కాశాయి, ఆ ఏడు ఇంటిమీద పెంకు కనబడనంతగా కాశాయి. ఆ పై ఏడు లచ్చవ్వ వచ్చి దర్వాజా దగ్గర నిలబడింది. అమ్మ లేచి కొంగు సర్దుకుంది. లచ్చవ్వ అమ్మను దాటి నన్ను చూసి, "రా బిడ్డా, మా ఇంట్ల గింజ వేసి పో" అంది. వాడకట్టంతా తిరిగాను. తిట్టుకుంటూ తిరిగానని చెబితే అబద్ధం. నాకది బాగుండింది. అందరూ నన్ను పిలుస్తుంటే, బెల్లం ముక్క చేతిలో పెడుతుంటే, నా నడక కూడా మారింది. ఇంటికొచ్చేసరికి అమ్మ వేడినీళ్లు తెచ్చి నా గోళ్లలో మట్టి కడిగింది.

పదేళ్ల పిల్ల భయపడిందంటే ఎవరైనా ఊరుకుంటారు. పదహారేళ్లప్పుడు ఏమైంది? పెళ్లై సిద్దిపేటకు వచ్చి, సొంత దుకాణంలో కూర్చొని పదిమందితో బేరాలాడే ఆడదాన్నయ్యాక ఏమైంది? ప్రతి ఏడాదీ బతుకమ్మ పేర్చేటప్పుడు చెబుదామనుకునేదాన్ని. మలీద ముద్దలు, సత్తుపిండి పళ్లేల్లో పెట్టుకొని అమ్మా నేనూ చెరువు కట్టకు నడిచేవాళ్లం. అమ్మ పూలు కోసేది, పేర్చేది, ఆ బంతిచెట్లను మాత్రం నాటేది కాదు. నాయినమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చొని చెబుదామనుకున్నాను. ఈ ముసలిదాన్ని ఇప్పుడెందుకు బాధపెట్టడం అని నాకు నేనే మంచిదాన్నై లేచి వచ్చాను. బాపుకైనా చెప్పలేదు. బాపు ఊరు మునగకముందే పోయాడు.

ఊరిప్పుడు మల్లన్నసాగర్ జలాశయం కింద ఉంది. స్నానాల బండ, పందిరి గుంజలు, కంచె మూల, అన్నీ నీళ్లకింద. వాడకట్టు ఆడవాళ్లు పునరావాస కాలనీలో తలో వరుసలో పడ్డారు. ఒకదానికొకటి అతికిన ఇళ్ల ముందు మొరం నేలలో కుండీలు పెట్టుకున్నారు, విత్తనాలు ప్యాకెట్లలో కొనుక్కుంటారు. మిరుగంనాడు ఎవరూ ఎవరింటికీ పోరు. ఎవరికేది అచ్చిరాదో మా పిల్లలకు తెలియదు, అచ్చిరాకపోవడమంటే ఏమిటో కూడా తెలియదు. లచ్చవ్వ కూడా నిరుడు పోయింది. సుగుణ పెళ్లై ఎటో పోయింది, ఎక్కడుందో తెలియదు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. డాబా మీద థర్మాకోల్ డబ్బాల్లో, పాత బకెట్లలో నేను పుదీన, బచ్చలి, రెండు గులాబీలు, కాస్త టమాట పెంచుతాను. అమ్మ కుర్చీ వేసుకొని కూర్చొని, "గాడ మట్టి గట్టిపడ్డది, జర కదిలియ్యి" అని చెబుతుంది. మట్టిని మాత్రం ముట్టదు. మొన్న మార్కెట్ నుంచి వచ్చి నేరుగా డాబా ఎక్కాను. అమ్మ మెంతికూర తెంపుతోంది. పొట్లకాయ సంచి గోడమీద పెట్టి, ఆమె ముందు నేలమీద కూర్చొని చెప్పేశాను.

"అమ్మా, ఆ పొట్లతీగ నేను పెట్టిన. బాపు పడ్డనాటి తీగ. నువ్వు కాదు, నేను."

అమ్మ చేతిలో కూర ఆగింది. కోపంగా చూసింది నన్ను. "నువ్వెక్కడ పెట్టినవే? నేనే పెట్టిన."

"నన్ను కాపాడనీకి అట్ల చెప్పినవమ్మా. సుగుణ ఇచ్చింది గింజలు. కంపాస్ డబ్బాల తెచ్చిన."

"నీకేమెరుక, గింతంత పోరివి" అంది అమ్మ. "మా తల్లిగారింటి నుంచి కొంగున ముడేసుకొని తెచ్చిన. మీ నాయినమ్మ సూడకుంట కంచె పొంటి నాటిన. అచ్చిరాదని ఎరికే నాకు. అయినా తినబుద్ధయింది. గా నాలుక రుచికే మీ బాపు కాలు పోయింది."

అమ్మకు మతిమరుపు లేదు. గ్యాస్ సిలిండర్ ఏ రోజు పెట్టామో, మనవడికి ఏ మాత్ర పడదో అన్నీ ఆమెకే గుర్తు. కొంగుకు ముడి వేసిన సంగతి కూడా అంతే తేటగా, కళ్లముందు కనబడుతున్నట్టే చెప్పింది. నా కోసం ఒక్క మాట చెప్పి, దాన్ని ముప్పై మూడేళ్లు ఒక్కతే మోసి, ఎప్పుడో ఒకనాడు నమ్మేసింది. ఏ నాడు నమ్మిందో నాకు తెలియదు, అప్పుడు నేను ఎక్కడున్నానో కూడా తెలియదు. నేను ఒట్టు పెట్టాను, ఏడ్చాను, పిల్లల మీద ప్రమాణం చేయబోతే నా నోరు మూసింది. నాది నిజమని చెప్పడానికి ఒక్క మనిషి మిగల్లేదు, చూపించడానికి ఆ మూల కూడా మిగల్లేదు.

ఏం చేయాలో తోచక, పక్కన పెట్టుకున్న బీరగింజల ప్యాకెట్ చింపి, మూడు గింజలు తీసి అమ్మ అరచేతిలో పెట్టాను. చెయ్యి పట్టుకొని మట్టి డబ్బా దగ్గరికి తెచ్చాను. "ఒక్కసారి వెయ్యమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి గట్టిగా వెనక్కి గుంజుకుంది. గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా నా చేతిలో పోసి, నా వేళ్లు తానే ముడిచింది. తర్వాత తన అరచెయ్యి చీరకు తుడుచుకుంది.

"వద్దు బిడ్డా" అంది. "పిల్లలున్న ఇల్లు."